డబ్బాలో వచ్చింది.. గిటారై ఊరెళ్లింది

కువైట్‌లో మన తెలుగువాళ్లు చేసే పనులు లెక్కపెడితే వడ్రంగి పని, కార్ల పెయింటింగ్, ఎలక్ట్రికల్ పని ముందు వరుసలోనే ఉంటాయి. ఎలక్ట్రిక్ గిటార్‌ను విప్పి చూస్తే అందులో ఉన్నవీ సరిగ్గా ఆ మూడు పనులే. కర్రను సాపు చేయాలి, రంగు వేయాలి, వైర్లు కలపాలి. ఆ పైన శ్రుతి పెట్టాలి. నిరుడు ఆగస్టు నుంచి అక్టోబరు దాకా, వారానికి ఒక్క శుక్రవారం చొప్పున, మేం ముగ్గురం కిట్ తెప్పించుకుని ఒక గిటార్ కట్టాం. ముగ్గురిలో ఎవరమూ అంతకుముందు వాయిద్యం తయారు చేసినవాళ్లం కాదు. అయినా ఏ రోజూ చేతకాని పని చేస్తున్నట్టు అనిపించలేదు. ఆ అనుభవం ఇక్కడున్న మన వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

నాది పశ్చిమ గోదావరి జిల్లా. మంగఫ్‌లో ఉంటూ అహ్మదీ వైపు ఒక కాంట్రాక్టు కంపెనీలో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. మా ఫ్లాట్‌లో ఉండే రాయచోటి అన్న ఫర్నిచర్ వర్క్‌షాపులో కార్పెంటర్. రాజంపేట దగ్గరి ఊరి నుంచి వచ్చిన తమ్ముడు షువైఖ్ ఇండస్ట్రియల్ ఏరియాలోని గ్యారేజీలో కార్లకు రంగు కొడతాడు. ఉండేది ఫర్వానియాలో. శుక్రవారం ప్రార్థనలో గిటార్ వాయించేది అతనే. కాకపోతే ఆ గిటార్ ఎప్పుడూ ఎవరో ఒకరి దగ్గర అడిగి తెచ్చుకున్నదే.

జూలైలో అతను ఒక మాట చెప్పాడు. అకామా అక్టోబరు ఆఖరుతో అయిపోతుంది, కంపెనీ ఇక పొడిగించదు, క్యాన్సిల్ చేసుకుని ఇంటికి వెళ్లిపోవడమే. ఆరేళ్లు ఇక్కడ పనిచేసినా సొంత గిటార్ కొనుక్కోలేకపోయాడు. మేం అడిగిన దుకాణాల్లో కాస్త మంచిదైన ఎలక్ట్రిక్ గిటార్ ధర 90 దినార్ల దగ్గర మొదలైంది. అతని జీతం 140. “ఇంటికి పంపాల్సిన దుడ్డు గిటారుకు పెడితే మా యమ్మ ఏమంటాదన్నా?” అన్నాడు. కిట్ అయితే రవాణాతో కలిపి 42 దినార్లని లెక్క తేలింది. రాయచోటి అన్న వెంటనే, “ఊరికి పోయేవానికి చాక్లెట్లు, దుప్పటి కొనిస్తాం గదా. ఈసారి ఇది కొనిద్దాం” అన్నాడు. తమ్ముడు ఒప్పుకోలేదు. తన వాటా తాను ఇస్తానన్నాడు. తలా 14 దినార్లు వేసుకున్నాం. అక్టోబరు 30 టికెట్. చేతిలో ఉన్నవి 11 శుక్రవారాలు.

రేడియో మెకానిక్ వేసిన దారి

గిటార్ తయారీ అంటే తరతరాల శిల్పుల పని అనుకుంటాం. మామూలు గిటార్ విషయంలో అది నిజమే. లోపల బోలుగా ఉండే డొక్కే దాని గొంతు. ఆ పలుచటి చెక్కలు వంచి అతకడం ఏళ్ల తరబడి నేర్చుకోవాల్సిన విద్య. ఎలక్ట్రిక్ గిటార్ దారి వేరు. అమెరికాలోని కాలిఫోర్నియాలో, ఫుల్లర్టన్ అనే ఊళ్లో లియో ఫెండర్ అనే ఆయన 1938లో రేడియోలు బాగుచేసే షాపు పెట్టాడు. ఆయనకు గిటార్ వాయించడం రాదు. మరమ్మతు చేసే మనిషి కాబట్టి, పాడైన భాగాన్ని విప్పి కొత్తది బిగించేలా వాయిద్యం ఉండాలని ఆలోచించాడు. డొక్క లేకుండా నిండు చెక్క తీసుకున్నాడు. మెడ భాగాన్ని జిగురుతో అతికించకుండా నాలుగు స్క్రూలతో బిగించాడు. 1950లో వచ్చిన ఆ గిటార్ మరుసటి ఏడాది టెలికాస్టర్ అనే పేరు పెట్టుకుంది. 1954లో స్ట్రాటోకాస్టర్ వచ్చింది. ఈ రోజు ప్రపంచమంతా అమ్ముతున్న గిటార్ కిట్లలో చాలావాటికి ఆ రెండే నమూనాలు. విప్పడానికి వీలుగా చేసింది కాబట్టే, కట్టడానికి వీలుగా డబ్బాలో పెట్టి పంపగలుగుతున్నారు.

ఇంట్లో గిటార్ కట్టుకుని పేరు తెచ్చుకున్నవాళ్లు లేకపోలేదు. క్వీన్ బృందం గిటారిస్టు బ్రయాన్ మే కుర్రాడిగా ఉన్నప్పుడు, 1963లో, కొనే స్తోమత లేక తండ్రితో కలిసి సొంత గిటార్ మొదలుపెట్టాడు. తండ్రి ఎలక్ట్రానిక్స్ తెలిసిన మనిషి. మెడకు పాత ఇంటి చలిమంట గూడు మీది చెక్క, స్ప్రింగులకు పాత మోటారుసైకిల్ ఇంజిన్ వాల్వులవి, మెట్ల మీద గుర్తులకు అమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు. ఆ గిటార్‌నే ఆయన దశాబ్దాలుగా వాయిస్తూ వచ్చాడు.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ మా పాలకొల్లులోనే ఉంది. 1969లో అక్కడ పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ పాశ్చాత్య వాయిద్యంతో కర్ణాటక సంగీతం వాయించారు. మామూలు మాండలిన్‌కు నాలుగు జతలుగా ఎనిమిది తీగలుంటాయి. జంట తీగల మీద గమకం పలకదు, నాదం నిలవదు. ఆయన వాయించింది ఒంటి తీగలు అయిదున్న ఎలక్ట్రిక్ మాండలిన్. తన సంగీతానికి తగ్గట్టు వాయిద్యాన్ని మార్చుకున్నారన్నమాట. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించారు, 1998లో పద్మశ్రీ అందుకున్నారు, 2014లో 45 ఏళ్లకే వెళ్లిపోయారు. ఇప్పుడు కస్టమైజ్ అంటున్న పని ఆయన ఎప్పుడో చేసి చూపించారు.

డబ్బాలో ఏముంటుంది

ఆగస్టు రెండో వారంలో డబ్బా వచ్చింది. స్ట్రాటోకాస్టర్ నమూనా. బాస్‌వుడ్ అనే తేలికపాటి చెక్కతో బాడీ. దాంట్లో గుంతలు ముందే మిషన్ మీద తీసి ఉంటాయి. 22 మెట్లు బిగించిన మెడ, తీగలు బిగించే ఆరు కీలు, బ్రిడ్జి, మూడు పికప్‌లు, ప్లాస్టిక్ పలక, మూడు నాబ్‌లు, స్విచ్, స్క్రూల పొట్లం. రంగు ఉండదు. మెడ చివర తల భాగం కూడా పలక లాగా వదిలేస్తారు. దాన్ని మనకు నచ్చిన ఆకారంలో కోసుకోవాలి.

ఇందులో కష్టమైన లెక్క ఫ్యాక్టరీలోనే అయిపోయి ఉంటుంది. అది మెట్ల లెక్క. మన బొబ్బిలి వీణ చేసేవాళ్లు పనస దుంగను చెక్కి, 24 మెట్లను మైనంలో ఒక్కొక్కటిగా చెవితో వింటూ నిలబెడతారు. గిటార్‌లో ఆ పని గణితం చేస్తుంది. తీగ పలికే పొడవు 648 మిల్లీమీటర్లు. దాన్ని 17.817తో భాగిస్తే మొదటి మెట్టు దూరం వస్తుంది, అంటే 36.4 మిల్లీమీటర్లు. మిగిలిన పొడవును మళ్లీ అదే అంకెతో భాగిస్తే రెండో మెట్టు. అలా పోగా 12వ మెట్టు సరిగ్గా సగంలో, 324 దగ్గర పడుతుంది. అక్కడ పై స్థాయి షడ్జమం పలుకుతుంది.

అందుకే రాయచోటి అన్న జిగురు, స్క్రూలు ముట్టుకోకముందు స్టీలు స్కేలు తీశాడు. మెడను గుంతలో ఉత్తినే కూర్చోబెట్టి, తీగ మొదలయ్యే నట్ నుంచి 12వ మెట్టు దాకా కొలిచాడు. అక్కడి నుంచి బ్రిడ్జి దాకా అంతే ఉందా చూశాడు. తర్వాత దారం కట్టి మెడకు రెండు అంచులా సమానంగా పోతుందా అని పరీక్షించాడు. మా కిట్‌లో మెడ కూర్చునే గుంత అర మిల్లీమీటరు వెడల్పుగా ఉంది. తలుపు ఫ్రేములకు వాడే పలుచటి వెనీర్ ముక్క పెట్టి సరిచేశాడు. “తలుపు కంటే సులభం. దీన్ని ఎవురూ రోజుకు యాభైసార్లు తీసి వేయరు” అన్నాడు.

ఎర్రచందనం మాట

మెడ మీది ఫింగర్‌బోర్డు చూసి ఆయన ఇంకో సంగతి చెప్పాడు. ప్రపంచమంతా గిటార్లకు వాడే ఇండియన్ రోజ్‌వుడ్ అంటే మన అడవుల్లోని జిట్రేగి. తమ్ముడు నవ్వుతూ “మా పక్క ఎర్రచందనంతో చేస్తే ఎట్టుంటాదన్నా?” అని అడిగాడు. “మోగతాది. నిన్ను జైల్లో ఏస్తారు, ఆడ వాయించుకో” అన్నాడు అన్న. శేషాచలం చెట్టు నరకడం, తరలించడం ఎంత నేరమో ఆ జిల్లాల వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. జపాన్‌లో షామిసెన్ అనే మూడు తీగల వాయిద్యం మెడకు మన ఎర్రచందనానికి ఎంతో విలువ ఉంది. మన కొండల కర్ర అంతదూరం వెళ్లి మోగుతోందని ఇద్దరికీ ఆ రోజే తెలిసింది.

తల భాగానికి పడవ ముందు కొమ్ము ఆకారం గీశాం. గోదావరి పడవ అని నేనన్నాను, కువైట్ ధౌ అని వాళ్లన్నారు. రెండింటికీ అదే వంపు. ఆకారం ఏదైనా కీల రంధ్రాల చుట్టూ తగినంత కర్ర మిగలాలి, నట్ నుంచి కీలకు తీగలు వంకర పోకుండా నడవాలి. ముందు అట్టముక్క మీద గీసి, కీలు పెట్టి చూసి, ఆ తర్వాతే సన్న రంపంతో కోశాడు. అంచులు ఆకురాయితో గుండ్రం చేశాడు.

ఎండకు, ఏసీకి కర్ర ఏం చేస్తుంది

కువైట్‌లో వాయిద్యం పెట్టుకున్న ప్రతివాళ్లూ తెలుసుకోవాల్సిన విషయం ఇది. 2016 జూలై 21న ఇక్కడి మిత్రిబా కేంద్రంలో 53.9 డిగ్రీలు నమోదైంది. ఆసియాలో ప్రపంచ వాతావరణ సంస్థ ధ్రువీకరించిన అత్యధిక ఉష్ణోగ్రత అదే. బయట పొడి ఎండ, లోపల ఇరవై నాలుగు గంటలూ ఏసీ. రెండూ కర్రలోని తేమను పీల్చేస్తాయి. ఆగస్టు, సెప్టెంబరుల్లో సముద్రం మీది గాలి తిరిగితే మళ్లీ ఒళ్లంతా జిగట. కర్ర పొడవులో పెద్దగా మారదు, వెడల్పులో తగ్గుతుంది, పెరుగుతుంది. లోహపు మెట్లు మాత్రం మారవు. అందుకే మెడ కుంచించుకున్నప్పుడు మెట్ల చివర్లు అంచు దాటి బయటికొచ్చి వేళ్లకు గీసుకుంటాయి. గిటార్ పాడైపోయిందని చాలామంది అనుకునేది దీన్ని చూసే.

మేం రెండు వారాలపాటు మెడను గదిలోనే, ఏసీ గాలి నేరుగా తగలని చోట, అలమర మీద ఉంచాం. మూడో శుక్రవారం వేలు పెట్టి చూస్తే చివర్లు తగిలాయి. ఫింగర్‌బోర్డుకు మాస్కింగ్ టేపు అంటించి, సన్న ఆకురాయితో ఒక్కో చివరనూ ఏటవాలుగా రుద్ది, ఉప్పుకాగితంతో నునుపు చేశాం. 22 మెట్లు, 44 చివర్లు. మధ్యాహ్నం భోజనం నుంచి మగ్రిబ్ బాంగు దాకా పట్టింది. కార్లో గిటార్ వదిలేసి వెళ్లే అలవాటున్నవాళ్లు మాత్రం దాన్ని మానుకోవాలి. వేసవిలో మూసిన కారు లోపల జిగురు మెత్తబడుతుంది, మెడ వంగుతుంది.

ల్యాండ్ క్రూజర్ తెలుపు వద్దన్నాడు

రంగు తమ్ముడి వంతు. ఫెండర్ కంపెనీ తొలినాళ్లలో గిటార్లకు వాడిన రంగుల్లో చాలావరకు కార్ల రంగులే. లేక్ ప్లాసిడ్ బ్లూ అనే నీలం క్యాడిలాక్ కార్లది. ఫియెస్టా రెడ్ అనే ఎరుపు ఫోర్డు కార్లది. ఆ సంగతి చెబితే తమ్ముడి మొహం వెలిగిపోయింది. “అంటే మేం కొట్టేదే వాళ్లూ కొట్టినారా!” అన్నాడు. ఏ రంగు వేద్దామంటే మాత్రం, “దినమంతా తెల్ల ల్యాండ్ క్రూజర్లే కొడ్తాండా. దీనికి తెలుపు వద్దన్నా” అని ఎండుమిరపకాయ ఎరుపు కలిపి తెచ్చాడు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. స్ప్రే, థిన్నర్ పని గదిలో చేయకూడదు. కిటికీ తీసినా, వంటగదిలోనైనా, మేడ మెట్ల మీదైనా వద్దు. 2024 జూన్ 12 తెల్లవారుజామున మా మంగఫ్‌లోనే కార్మికులుండే భవనం అంటుకుని కనీసం 45 మంది భారతీయులు చనిపోయారు. వాళ్లలో మన ఆంధ్రప్రదేశ్ వాళ్లూ ఉన్నారు. ఆ వీధిలో నడిచే మాకు థిన్నర్ డబ్బా ఇంట్లోకి తేవాలన్న ఆలోచనే రాదు. గ్యారేజీ ఓనరును అడిగితే పని లేని వేళ పెయింట్ బూత్ వాడుకోనిచ్చాడు. అలాంటి వీలు లేనివాళ్లకు గుడ్డతో రుద్దే నూనె పూత చాలు. అందంగానే ఉంటుంది. నూనె తుడిచిన గుడ్డలను మాత్రం ఉండచుట్టి పడేయకూడదు. అవి వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. విప్పి బయట ఆరేయాలి, లేదా నీళ్లలో తడిపి పారేయాలి.

తమ్ముడు పనిచేసిన వరుస ఇది. ముందు 220 నంబరు ఉప్పుకాగితంతో కర్ర నార వెంట మాత్రమే రుద్దాడు. అడ్డంగా రుద్దితే గీతలు రంగు కింద నుంచి కూడా కనిపిస్తాయి. తర్వాత సీలర్, ప్రైమర్. ఆరాక 400తో రుద్ది, పలుచగా మూడు కోట్లు రంగు. దాని మీద నాలుగు కోట్లు క్లియర్. మెడ కూర్చునే గుంతకు టేపు వేశాడు. అక్కడ రంగు మందం పెరిగితే మెడ సరిగా కూర్చోదు. మూడు వారాలు ఆరనిచ్చి, నీళ్లతో 1000, 2000 నంబర్లు రుద్ది పాలిష్ పట్టాడు. అక్టోబరు మొదటి శుక్రవారం దాన్ని తువ్వాలులో చుట్టి తెచ్చాడు. ట్యూబులైటు వెలుతురు అందులో గీతలా కనిపించింది.

గుయ్ మనే చప్పుడు

ఇక వైరింగ్. పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగ ఏడెనిమిది వేల చుట్లు. ఉక్కు తీగ దాని పైన కదిలితే చుట్టలో విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే. మన ఊరి సైకిల్ డైనమో కూడా దాని మీదే నడుస్తుంది. ఆ కాస్త విద్యుత్తును ఆంప్లిఫయర్ పెద్దది చేస్తుంది.

చిక్కేమిటంటే, ఆ చుట్ట గిటార్ తీగనే కాదు, గోడలోని కరెంటునూ వింటుంది. కువైట్‌లో సరఫరా 240 వోల్టులు, 50 హెర్ట్జ్. ఏసీలు, ట్యూబులైట్లు, ఛార్జర్లు నిండిన బ్యాచిలర్ గదిలో ఒంటి చుట్ట పికప్ గుయ్ మంటూనే ఉంటుంది. దీనికి మేం రెండు పనులు చేశాం. మొదటిది, బాడీలోని గుంతలకు లోపలివైపంతా రాగి టేపు అంటించి, దాన్ని ఎర్త్‌కు కలిపాం. మా ప్లాంటులో సిగ్నల్ కేబుల్‌కు షీల్డు వేసే పద్ధతే. ఎర్త్ వైర్లన్నీ ఒక్కచోట చేరాలి, బ్రిడ్జికి కూడా ఒక వైరు వెళ్లాలి.

రెండోది, బ్రిడ్జి దగ్గరి పికప్ మార్చేశాం. 1955లో గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ అనే ఇంజినీరు రెండు చుట్టలను ఎదురెదురు తీరున కలిపి హంబకర్ తయారుచేశాడు. గోడలోంచి వచ్చే రొద రెండింటిలో ఎదురెదురై కొట్టుకుపోతుంది, తీగ నాదం మాత్రం కలుస్తుంది. అల్ రాయ్‌లోని శుక్రవారం సంత సూక్ అల్ జుమాలో విరిగిపోయిన గిటార్ నుంచి తీసిన హంబకర్ ఒకటి 3 దినార్లకు దొరికింది. కొనేముందు మీటరు పెట్టి చుట్ట తెగలేదని చూశాను. అది పెద్దది కాబట్టి రంగుకు ముందే అన్న ఉలితో గుంత వెడల్పు చేసి ఉంచాడు. ఒంటి చుట్టకు 250 కిలో ఓమ్‌ల పాట్లు వాడతారు. హంబకర్‌కు సాధారణంగా 500. గొంతు మూసుకుపోకుండా వాల్యూమ్ పాట్‌ను 500కు మార్చాను.

ఎలక్ట్రీషియన్ కానివాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. గిటార్ తీగలు ఆంప్లిఫయర్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి. అందువల్ల ఆంప్లిఫయర్‌కు మూడు పిన్నుల ప్లగ్, పనిచేసే ఎర్త్ తప్పనిసరి. ఎర్త్ పిన్ను తీసేసి రెండు పిన్నుల అడాప్టర్‌లో పెట్టే అలవాటు ప్రాణం మీదికి తెస్తుంది.

జీరో, స్పాన్.. శ్రుతి

తీగలు బిగించాక అసలు పని మొదలవుతుంది. ఆరు తీగలూ కలిపి మెడను దాదాపు 45 కిలోల బలంతో లాగుతాయి. ఆ లాగుడుకు ఎదురు నిలిచేది మెడ లోపలి ఉక్కు కడ్డీ, ట్రస్ రాడ్. దాన్ని ఒకసారికి పావు చుట్టు మించి తిప్పకూడదు. మొదటి మెట్టు, ఆఖరి మెట్టు దగ్గర తీగను నొక్కి పట్టుకుంటే మధ్యలో విజిటింగ్ కార్డు మందమంత సందు ఉండాలి. 12వ మెట్టు దగ్గర తీగ ఎత్తు సన్న తీగకు 1.6, లావు తీగకు 2 మిల్లీమీటర్లు పెట్టాం. ఇంకా తగ్గిస్తే తీగ మెట్లకు తగిలి బర్రుమంటుంది.

తర్వాతది నా ఉద్యోగం లాంటిదే. ప్రెషర్ ట్రాన్స్‌మిటర్‌ను క్యాలిబ్రేట్ చేసేటప్పుడు జీరో సరిచేస్తాం, స్పాన్ సరిచేస్తాం, స్పాన్ కదిపితే జీరో జరుగుతుంది, మళ్లీ మొదటికి వస్తాం. గిటార్‌లో తెరిచిన తీగ జీరో, 12వ మెట్టు స్పాన్. తెరిచిన తీగను ట్యూనర్‌లో సరిగ్గా పెట్టి, 12వ మెట్టు నొక్కి మీటితే అదే స్వరం పై స్థాయిలో రావాలి. ఎక్కువ పలికితే బ్రిడ్జి మీది శాడిల్‌ను వెనక్కి జరిపి తీగ పొడవు పెంచాలి. తక్కువ పలికితే ముందుకు తేవాలి. మళ్లీ శ్రుతి, మళ్లీ పరీక్ష. ఆరు తీగలకు గంటన్నర పట్టింది. ఈ పని మాత్రం తమ్ముడి చేతే చేయించాను. ఊళ్లో ప్రతి కాలానికీ మెడ మారుతుంది, అప్పుడు నేను పక్కన ఉండను.

ఆ రోజు చిన్న ఆంప్లిఫయర్ పెట్టి, పక్కగది వాళ్లకు ఇబ్బంది కాకుండా తగ్గించి వాయించాడు. హంబకర్ మీద ఉన్నప్పుడు రొద లేదు. అన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “నేను ఇన్నేండ్లల్లో ఎన్ని ఇండ్లకు వార్డ్‌రోబులు బిగించినానో లెక్క లేదు. ఒక్కదాన్నీ బిగించినాక మళ్లా చూడలా. దీన్ని మాత్రం వీడియోలోనన్నా సూడచ్చు” అన్నాడు.

కట్టాలనుకునేవాళ్లకు

కిట్‌కు 42 దినార్లు కాక, తీగలు, రాగి టేపు, పాట్, పికప్, ఉప్పుకాగితం అన్నీ కలిపి మాకు ఇంకో 9 దినార్లు అయింది. సోల్డరింగ్ ఐరన్, మీటరు, ఉలి, డ్రిల్లు మా దగ్గరే ఉన్నాయి. లేనివాళ్లు కొనకండి, పక్కింట్లో అడగండి. ఏదో ఒక ఫ్లాట్‌లో ఎవరో ఒకరి దగ్గర ఉంటాయి.

మొదటిసారి కట్టేవాళ్లు మెడ స్క్రూలతో బిగించే నమూనానే తీసుకోండి. జిగురుతో అతికించే రకం కిట్లలో కోణం ఒకసారి అతుక్కుంటే ఇక మారదు. రంగు వేయకముందే అన్ని భాగాలూ ఒకసారి బిగించి, తీగ వరుస సరిగ్గా ఉందని చూసి, విప్పండి. స్క్రూ రంధ్రాలు ముందే చిన్న డ్రిల్లుతో వేసి, స్క్రూకు కాస్త కొవ్వొత్తి మైనం రాయండి. మెత్తటి కర్ర పగలదు. కిట్‌తో వచ్చే తీగలు తీసేసి కొత్తవి వేయండి. తొందరపడకూడనిది ఒక్క రంగు ఆరడంలోనే. మిగతావన్నీ మళ్లీ చేసుకోవచ్చు.

నాలుగు స్క్రూలు

తీగలు వదులు చేసి, వెనక నాలుగు స్క్రూలు విప్పితే గిటార్ రెండు ముక్కలు. అక్టోబరు 29 రాత్రి తమ్ముడు బాడీని దుప్పట్లో చుట్టి సూట్‌కేసులో, మెడను చొక్కాల మధ్య పెట్టుకున్నాడు. తూకం వేస్తే గిటార్ బరువు మూడున్నర కిలోలు. దానికోసం బ్యాగులోంచి పాలపొడి డబ్బాలు రెండు బయటికి వచ్చాయి. అవి ఇప్పటికీ మా వంటగదిలో ఉన్నాయి.

వెళ్లిన నాలుగో రోజు వీడియో కాల్ చేశాడు. వసారాలో మంచం మీద గిటార్, చుట్టూ పిల్లలు. అక్కడి గాలికి మెడ కాస్త ముందుకు వంగింది. ట్రస్ రాడ్ పావు చుట్టు తానే బిగించానన్నాడు. 12వ మెట్టు మీటి ట్యూనర్ నాకు చూపించాడు. సూది మధ్యలో ఉంది. వాళ్లమ్మ వెనక నుంచి తొంగిచూసి, “ఎంతైంది నాయనా ఇది?” అని అడిగింది. తమ్ముడు మా వంక చూశాడు. అన్న ఫోను లాక్కుని, “మేమే చేసినాం అమ్మా, కొనింది కాదు” అని చెప్పాడు.

ఇప్పుడతను బైకులకు రంగులు వేసే షెడ్డు పెట్టే ప్రయత్నంలో ఉన్నాడు. ఈలోగా దగ్గర్లోని చర్చి వాళ్లు పాత గిటార్ ఒకటి తెచ్చిచ్చారట. మెట్ల చివర్లు వేళ్లకు గీసుకుంటున్నాయని. ఆకురాయి ఏ నంబరుది కొనాలో అడగడానికి నిన్న ఫోన్ చేశాడు.